చిన్న ప్లగ్గు, పెద్ద బాధ్యత

గ్యాసుతో నడిచే టర్బో ఇంజనుకు స్పార్కు ప్లగ్గును ఎంచుకోవడం ఎలా?

వాహనం కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, మైలేజి అడుగుతాం, సీట్లు మెత్తగా ఉన్నాయో లేదో కూర్చుని మరీ పరీక్షిస్తాం. ఇంజనులో ఏ స్పార్కు ప్లగ్గు ఉన్నదని అడిగేవారు మాత్రం అరుదు. అయితే ఆ చిన్న వస్తువు చేసే చాకిరీని లెక్కగడితే ఆశ్చర్యం కలుగక మానదు. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అప్పుడు ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 25 సార్లు, అంటే గంటకు 90,000 సార్లు నిప్పురవ్వను పుట్టించాలి. ప్రతిసారీ దాని కొనను వేల వోల్టుల విద్యుత్తు తాకుతుంది. ఒక క్షణం 2,000 డిగ్రీల సెంటిగ్రేడును మించిన మంట దానిని చుట్టుముడుతుంది. మరుక్షణం బయటినుండి వచ్చిన చల్లని మిశ్రమం దానిని తడుపుతుంది. ఇన్ని తాకిడులను తట్టుకుంటూ ఆ ప్లగ్గు వేలాది కిలోమీటర్లు మౌనంగా పనిచేస్తుంది.

పెట్రోలు ఇంజనులో ఈ భారం మోయడం ప్లగ్గుకు అలవాటే. ఇంధనాన్ని గ్యాసుగా మార్చి, దానికి తోడు టర్బో బలంతో గాలిని కుక్కితే, భారం రెండు విధాలుగా పెరుగుతుంది. నిన్నమొన్నటి వరకు ఇది పందెపు బండ్ల వారి సమస్య. నేడది సామాన్య కుటుంబాల వాకిట్లోకి వచ్చింది. 2020లో ఐరోపాలో డాచియా, రెనో సంస్థలు ఒక లీటరు టర్బో ఇంజనును పెట్రోలుతోను, ఎల్.పి.జి.తోను నడిచేటట్లు కర్మాగారంలోనే తయారుచేసి అమ్మకానికి తెచ్చాయి. మన దేశంలో 2024 సెప్టెంబరులో టాటా మోటార్స్ సంస్థ నెక్సాన్ కారును టర్బో ఇంజనుతో, సి.ఎన్.జి. ఇంధనంతో విడుదల చేసింది. ఇవి కాక, టర్బో పెట్రోలు కారు కొని, తరువాత గ్యాసు కిట్టు అమర్చుకునేవారు కూడా ఉన్నారు.

కర్మాగారంలోనే గ్యాసుకు తయారైన కారు విషయంలో మన పని సులువు. తయారీదారు సూచించిన ప్లగ్గునే వాడాలి, వేరొకటి వాడరాదు. చిక్కంతా తరువాత గ్యాసుకు మార్చిన బండ్లతోనే. పెట్రోలుకని నిర్ణయించిన ప్లగ్గును అలాగే ఉంచాలా, మార్చాలా, మారిస్తే ఏది వేయాలి అన్న ప్రశ్నలకు దుకాణంలో ఒక జవాబు, షెడ్డులో మరొక జవాబు వినిపిస్తాయి. “అన్నిటికంటె ఖరీదైనది వేయించుకోండి” అన్నది అందులో తరచుగా వినిపించే సలహా. ధర ఒక్కటే ఈ ప్రశ్నకు సమాధానం కాదని, ప్లగ్గు ఉష్ణ శ్రేణి, కొనల మధ్య సందు, లోహం అనే మూడు అంశాలను ఆ వరుసలోనే ఆలోచించి నిర్ణయించాలని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్యాసు ఇంజనుతోనే మొదలైన కథ

స్పార్కు ప్లగ్గు పెట్రోలు కోసం పుట్టినదని చాలామంది అనుకుంటారు. నిజానికి 1860లో ఎతియెన్ లెన్వార్ పారిస్‌లో నిర్మించిన ఇంజను బొగ్గు గ్యాసుతో నడిచింది. ఆ గ్యాసును విద్యుత్తు నిప్పురవ్వతో అంటించడానికి ఆయన ప్లగ్గును, ప్రేరణ చుట్టను వాడారు. తరువాత 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థకు చెందిన ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించడంతో మోటారు వాహనాలకు నమ్మకమైన జ్వలన వ్యవస్థ లభించింది. మన దేశంలో 1951లో బెంగళూరులో స్థాపితమైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అనగా ‘మైకో’, ప్లగ్గుకు పర్యాయపదమైపోయింది. ఆ సంస్థ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా, “మైకో ప్లగ్గు ఇవ్వండి” అని అడిగే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు.

పెట్రోలుకు, ప్రొపేనుకు గల భేదం

ఎల్.పి.జి.లో ప్రధానంగా ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువులు ఉంటాయి. అమెరికాలో వాహనాలకు వాడే ‘హెచ్.డి.5’ రకంలో కనీసం 90 శాతం ప్రొపేనే ఉంటుంది. మన దేశంలో లభించే ఎల్.పి.జి. ఈ రెండింటి మిశ్రమం. స్వచ్ఛమైన ప్రొపేను ఆక్టేను సంఖ్య పెట్రోలుకంటె చాలా ఎక్కువ. పరిశోధన పద్ధతిలో అది 110 దాకా ఉంటుంది. బ్యూటేను పాలు పెరిగినకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. కనుక విదేశాలలో ప్రొపేను ఇంజనుకు పనికివచ్చిన లెక్కలను మన బండికి యథాతథంగా అన్వయించరాదు.

ఆక్టేను సంఖ్య ఎక్కువ కావడం మంచిదే. అధిక పీడనంలో ఇంధనం తనంతట తాను పేలిపోవడం, అనగా ‘నాకింగు’, తగ్గుతుంది. అందుకే టర్బోకు గ్యాసు చక్కగా కుదురుతుంది. మరొక కారణం కూడా ఉన్నది. వాయురూపంలో ఉన్న ఇంధనం సిలిండరులో కొంత చోటు ఆక్రమించి, ఆ మేరకు గాలిని తగ్గిస్తుంది. సరిగా మండే మిశ్రమంలో ప్రొపేను ఘనపరిమాణం సుమారు 4 శాతం ఉంటుంది. సి.ఎన్.జి.లోని మీథేను అయితే సుమారు 9.5 శాతం ఉంటుంది. గ్యాసుతో నడిపినప్పుడు బండికి లాగుడు తగ్గినట్లు అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. టర్బో గాలిని ఒత్తిడితో పంపి ఆ లోటును పూడుస్తుంది.

ఇక ఇబ్బంది ఎక్కడ? పెట్రోలు ద్రవరూపంలో చిమ్మబడి, ఆవిరి అవుతూ, ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి గాలినుండే గ్రహిస్తుంది. అందువల్ల సిలిండరులోకి వెళ్ళే మిశ్రమం కొంత చల్లబడుతుంది. సాధారణ గ్యాసు కిట్టులో ద్రవ ఎల్.పి.జి. వేపరైజరులో ఆవిరిగా మారుతుంది. అక్కడ దానికి వేడినిచ్చేది రేడియేటరు నీరు. అంటే చల్లబరిచే గుణమంతా వేపరైజరులోనే ఖర్చయిపోయి, సిలిండరుకు దక్కదు. టర్బో అప్పటికే గాలిని నొక్కి వేడెక్కించి ఉంటుంది. ఇంటర్‌కూలరు ఆ వేడిలో కొంతభాగాన్నే తగ్గించగలదు. ఫలితంగా ప్లగ్గు కొన పెట్రోలులో కంటె ఎక్కువ వేడిమిలో పనిచేయవలసి వస్తుంది. దక్షిణ కొరియా టాక్సీలలో వాడిన విధానంలో వలె ఎల్.పి.జి.ని ద్రవరూపంలోనే చిమ్మే ఏర్పాటు ఉంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఆక్టేను రక్షించలేని ప్రమాదం

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గ్రహించాలి. నాకింగు వేరు, ముందస్తు జ్వలనం వేరు. నిప్పురవ్వ పుట్టి మంట వ్యాపిస్తున్న తరువాత, మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలితే అది నాకింగు. ఆక్టేను సంఖ్య దానికి విరుగుడు. నిప్పురవ్వ పుట్టక మునుపే, సిలిండరులో ఎర్రగా కాలి ఉన్న ఏదో ఒక కొన మిశ్రమాన్ని అంటిస్తే అది ముందస్తు జ్వలనం. దీనికి ఆక్టేను సంఖ్య నమ్మదగిన రక్షణ కాదు. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట దానిని క్రిందికి త్రోస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వేడికి ఎర్రని కొన మరింత ఎర్రబడి, తరువాతి చుట్టులో మిశ్రమం ఇంకా ముందుగా అంటుకుంటుంది. ఇలా ఒకదానికొకటి తోడై, చూస్తుండగానే అల్యూమినియం పిస్టను కరిగి రంధ్రం పడవచ్చు. ఆ ఎర్రని కొన చాలా సందర్భాలలో ప్లగ్గుదే. “ప్రొపేనుకు ఆక్టేను ఎక్కువ కదా, ఏ ప్లగ్గు అయితేనేం?” అన్న మాట ప్రమాదకరం కావడానికి ఇదే కారణం.

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు

ప్లగ్గు కొన ఉష్ణోగ్రతకు క్రింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉన్నాయి. సుమారు 450 డిగ్రీలకు తగ్గితే మసి కాలిపోక పింగాణీపై పేరుకుంటుంది. ఆ మసి గుండా విద్యుత్తు జారిపోయి నిప్పురవ్వ బలహీనపడుతుంది. సుమారు 850 డిగ్రీలు దాటితే కొన నిప్పుకణికగా మారే ప్రమాదం మొదలవుతుంది. ఈ రెండు హద్దుల మధ్య కొనను నిలిపే సామర్థ్యాన్నే ప్లగ్గు ‘ఉష్ణ శ్రేణి’ అంటారు. షెడ్డులో దీనినే ‘హీట్ రేంజి’ అని వ్యవహరిస్తారు.

కొనవద్ద ఉండే పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి ఇంజను హెడ్డును చేరడానికి దూరం ఎక్కువ. కొన వేడిగానే ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్డుకు, అక్కడినుండి నీటికి చేరుతుంది. అది చల్లని ప్లగ్గు. నిప్పురవ్వ బలానికి, ఈ వేడి చల్లదనాలకు సంబంధం లేదు. ఒక మెట్టు చల్లని ప్లగ్గు వేస్తే కొన ఉష్ణోగ్రత 70 నుండి 100 డిగ్రీల వరకు తగ్గుతుంది.

దీనినిబట్టి మన సూత్రం ఏర్పడుతుంది. పెట్రోలు టర్బో ఇంజనుకు తయారీదారు సూచించిన ప్లగ్గును మొదటి మెట్టుగా తీసుకోవాలి. ఆవిరి రూపంలో గ్యాసు వాడినప్పుడు దానికంటె ఒక మెట్టు చల్లని ప్లగ్గు సాధారణంగా తగినది. రెండు మెట్లు దిగవలసిన అవసరం ఇంజను శక్తిని గణనీయంగా పెంచినప్పుడే వస్తుంది. పెంచిన ప్రతి 75 నుండి 100 అశ్వశక్తికి ఒక మెట్టు అనేది ప్లగ్గు తయారీదారులు చెప్పే స్థూల లెక్క.

మరీ చల్లని ప్లగ్గు వేస్తే మసి పట్టదా అన్న సందేహం సహజం. గ్యాసు శుభ్రంగా మండుతుంది కాబట్టి మసి బెడద తక్కువ. కాని ఈనాటి కిట్లలో బండి మొదట పెట్రోలుతోనే స్టార్టయి, నీరు కొంత వేడెక్కిన తరువాత గ్యాసుకు మారుతుంది. పిల్లలను బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకుని, రెండు మూడు కిలోమీటర్లలోనే ఇల్లు చేరే బండి ఎక్కువసేపు పెట్రోలుపైనే, అందునా చల్లగానే తిరుగుతుంది. అటువంటి వాడకంలో రెండు మెట్లు చల్లని ప్లగ్గు మసి బారక తప్పదు. వీధి బండికి, పందెపు బండికి ఉన్న తేడా ఇదే.

సంఖ్యలలో తిరకాసు

ఉష్ణ శ్రేణిని తయారీదారులు ఒక సంఖ్యతో సూచిస్తారు. విచారకరమైన సంగతేమంటే అందరి సంఖ్యలూ ఒకే దిక్కున నడవవు. ఎన్.జి.కె., డెన్సో సంస్థల ప్లగ్గులలో సంఖ్య పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ సంస్థల ప్లగ్గులలో సంఖ్య పెరిగితే ప్లగ్గు వేడిది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎన్.జి.కె. వారి ‘బీపీఆర్6ఈఎస్’ అనే ప్లగ్గు పేరులో ‘బీ’ అంటే 14 మి.మీ. మర. ‘పీ’ అంటే పింగాణీ ముక్కు ముందుకు పొడుచుకుని ఉన్నది. ‘ఆర్’ అంటే రేడియో అలజడిని అణచే నిరోధకం ఉన్నది. ‘6’ ఉష్ణ శ్రేణి. ‘ఈ’ అంటే మర పొడవు 19 మి.మీ. ‘ఎస్’ అంటే రాగి గర్భం గల సాధారణ రకం. ఇందులోని 6కు స్థూలంగా సమానమైనవి బాష్‌లో 7, డెన్సోలో 20. ఒక మెట్టు చల్లనిది కావాలంటే ఎన్.జి.కె.లో 7, బాష్‌లో 6, డెన్సోలో 22 అడగాలి.

ఇప్పుడు తిరకాసు గమనించండి. ఎన్.జి.కె. 6 వాడుతున్న వ్యక్తి “ఒక అంకె పెంచి ఇవ్వండి” అని అడిగి, దుకాణంలో ఉన్నది కదా అని బాష్ 7 తెచ్చుకుంటే, పాత వేడిమి గల ప్లగ్గునే మళ్ళీ కొన్నట్లు. బాష్ 7 వాడుతున్న వ్యక్తి అదే మాట చెప్పి 8 తెచ్చుకుంటే, చల్లబరచబోయి వేడి పెంచినట్లు. టర్బో గ్యాసు ఇంజనులో ఈ ఒక్క అంకె పొరపాటు పిస్టను ఖరీదుకు సమానం. అంకె కాక “ఒక మెట్టు చల్లనిది” అని అడగడం, తయారీదారు పట్టికలో సరిచూసుకోవడం క్షేమకరం. మర వ్యాసం, మర పొడవు మాత్రం మారరాదు. పొడవు ఎక్కువైతే ప్లగ్గు కొన పిస్టనుకు తగలవచ్చు. తక్కువైతే ఖాళీ మరలలో మసి చేరుతుంది.

సందు ఎంత ఉండాలి?

రెండవ అంశం ఎలక్ట్రోడుల మధ్య సందు. 1889లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ ఒక నియమాన్ని ప్రకటించారు. వాయువు గుండా నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, ఆ వాయువు పీడనాన్ని సందుతో గుణించగా వచ్చే విలువపై ఆధారపడి ఉంటుందని దాని సారాంశం. సిలిండరు లోపలి పరిస్థితులలో, సందు లేదా వాయు సాంద్రత ఎంత పెరిగితే వోల్టేజి అవసరం దాదాపు అంత పెరుగుతుందని లెక్కించుకోవచ్చు.

టర్బో లేని ఇంజనులోకి గాలి వాతావరణ పీడనంతో ప్రవేశిస్తుంది. టర్బో మరొక 0.5 బార్ ఒత్తిడి చేర్చితే పీడనం ఒకటిన్నర రెట్లవుతుంది. గాలి కొంత వేడెక్కుతుంది కాబట్టి సాంద్రత సుమారు 1.4 రెట్లు పెరిగిందనుకుందాం. అప్పుడు 0.9 మి.మీ. సందుకు వోల్టేజి అవసరం కూడా సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. కాయిల్‌పై అదనపు భారం పడకుండా పాత వోల్టేజితోనే నిప్పురవ్వ దూకాలంటే, 0.9ని 1.4తో భాగించాలి. అనగా సందును సుమారు 0.65 మి.మీ.కు తగ్గించాలి. టర్బో గ్యాసు ఇంజనులకు 0.6 నుండి 0.7 మి.మీ. సందును అనుభవజ్ఞులు సిఫారసు చేయడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రొపేను మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలుకంటె పెద్ద మంట అవసరమని కొందరు అంటారు. సరియైన పాళ్ళలో ఉన్న ప్రొపేను, గాలి మిశ్రమాన్ని అంటించడానికి చాలే కనీస శక్తి సుమారు 0.25 మిల్లీజౌళ్ళు మాత్రమే. పెట్రోలు ఆవిరికి కూడా ఇంచుమించు అంతే. మంటను రగిలించడం కష్టం కాదు. దట్టమైన పొడి వాయువు గుండా నిప్పురవ్వను దూకించడమే కష్టం. దూకలేని విద్యుత్తు సులువైన మరొక దారి వెదుక్కుంటుంది. పాతబడిన తీగ తొడుగునుండో, పింగాణీ పైభాగం మీదుగానో జారిపోతుంది. పెట్రోలులో చక్కగా నడిచే బండి గ్యాసుకు మార్చగానే, అదీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు మిస్ కొట్టడానికి చాలా సందర్భాలలో కారణం ఇదే. మెకానిక్కు గ్యాసు కిట్టును విప్పడానికి ముందు ప్లగ్గులను, తీగలను, కాయిల్ తొడుగులను పరీక్షించమని కోరడం వివేకం.

అయితే సందును మరీ తగ్గించడం కూడా తగదు. 0.5 మి.మీ.కంటె తక్కువైతే అప్పుడే పుట్టిన చిన్న మంట వేడిని ఎలక్ట్రోడులే లాగివేస్తాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు తడబడుతుంది. కొలవడానికి ఫీలర్ గేజి వాడాలి. కంటి అంచనా పనికిరాదు. సందు సరిచేసేటప్పుడు పక్క ఎలక్ట్రోడును మాత్రమే మెల్లగా వంచాలి. మధ్య ఎలక్ట్రోడుపై బలం ప్రయోగిస్తే సన్నని కొన విరుగుతుంది, లేదా పింగాణీ పగులుతుంది.

ఏ లోహం మేలు?

మూడవ అంశం లోహం. దుకాణాలలో ‘కాపర్ ప్లగ్గు’ అని పిలిచేదాని కొన రాగిది కాదు, నికెల్ మిశ్రమ లోహానిది. రాగి లోపలి గర్భంలో ఉండి వేడిని వెలికి చేరవేస్తుంది. నికెల్ 1,455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1,768 డిగ్రీల వద్ద, ఇరిడియం సుమారు 2,446 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఇరిడియం అంత దృఢమైనది కాబట్టే దానితో 0.4 నుండి 0.6 మి.మీ. సన్నని కొన చేయడం సాధ్యమయింది. సన్నని కొన వద్ద విద్యుత్ క్షేత్రం తీవ్రంగా ఉంటుంది కనుక తక్కువ వోల్టేజితోనే నిప్పురవ్వ దూకుతుంది. టర్బో గ్యాసు ఇంజనుకు కావలసినది సరిగ్గా అదే.

నికెల్ ప్లగ్గు చెడ్డదని దీని అర్థం కాదు. వేడిని బాగా వదిలించుకుంటుంది, సందు సరిచేయడం సులువు, ధర తక్కువ. అధిక వోల్టేజి వల్ల కొన త్వరగా అరిగి, అంచులు గుండ్రబడి, సందు పెరుగుతుంది. కనుక గ్యాసు బండిలో ప్రతి 10,000 కిలోమీటర్లకు విప్పి కొలవాలి, పెట్రోలుకు చెప్పిన గడువుకంటె ముందుగానే మార్చాలి. ఆ ఓపిక ఉన్నవారికి నికెల్ చాలు. లేనివారికి ఇరిడియం మేలు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. తప్పు ఉష్ణ శ్రేణిలో ఉన్న ఇరిడియం ప్లగ్గుకంటె, సరియైన శ్రేణిలో ఉన్న సాధారణ నికెల్ ప్లగ్గు వేయి రెట్లు నయం. ఇరిడియం కొన కరగకపోవచ్చు. దాని ఎదుట ఉన్న అల్యూమినియం పిస్టను సుమారు 660 డిగ్రీలకే కరుగుతుంది.

ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు పనిచేసే బండ్లలో ఒక ప్లగ్గుకు విద్యుత్తు మధ్యనుండి పక్కకు, రెండవదానికి పక్కనుండి మధ్యకు ప్రవహిస్తుంది. కనుక రెండవ ప్లగ్గులో పక్క ఎలక్ట్రోడు ఎక్కువగా అరుగుతుంది. అటువంటి ఇంజనుకు రెండు ఎలక్ట్రోడుల మీదా విలువైన లోహం ఉన్న రకాన్ని ఎంచుకోవాలి.

ప్లగ్గు ముఖం చదవడం

పెట్రోలు బండి ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నదని పాత మెకానిక్కులు చెప్పేవారు. ఆ కొలబద్ద గ్యాసుకు పనికిరాదు. ప్రొపేను మసి వదలదు కాబట్టి పింగాణీ తెల్లగానో, లేత బూడిద రంగులోనో ఉండడం సహజం. తెల్లగా ఉన్నదని కంగారుపడనక్కరలేదు. తెల్లగా ఉన్నా మంచిదేనని నిశ్చింతగా ఉండనూ రాదు. రంగుకు బదులు ఈ గుర్తులను చూడాలి.

పింగాణీపై బొబ్బలు, గాజువంటి మెరుపు కనిపిస్తే కొన మితిమీరి వేడెక్కినట్లు. పింగాణీపై మిరియపు పొడి వంటి చుక్కలు గాని, వెండిలా మెరిసే అతి చిన్న లోహపు పూసలు గాని ఉంటే అవి పిస్టనునుండి వచ్చినవి కావచ్చు. ఆ బండిని అక్కడే ఆపి కారణం వెదకాలి. ఎలక్ట్రోడు అంచు కరిగి గుండ్రబడినా అదే హెచ్చరిక. పక్క ఎలక్ట్రోడుపై వేడికి రంగు మారిన గుర్తు ఒకటి ఉంటుంది. అది వంపు దగ్గర ఉంటే ఉష్ణ శ్రేణి సరిపోయినట్లు. కొన దగ్గరే నిలిచిపోతే ప్లగ్గు మరీ చల్లనిది. మొదలుదాకా ప్రాకితే మరీ వేడిది.

బిగింపులో ఉన్నది చల్లదనం

ప్లగ్గు వేడి వెలికిపోయే దారి మరలు, వాషరు. కాబట్టి ఎంత మంచి ప్లగ్గు అయినా వదులుగా బిగిస్తే వేడెక్కుతుంది. మితిమీరి బిగిస్తే అల్యూమినియం హెడ్డు మరలు చెడతాయి. వాషరుగల 14 మి.మీ. ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుండి 30 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. అంతకంటె సన్నని ప్లగ్గులకు ఇంకా తక్కువ చాలు. టార్క్ రెంచి లేనప్పుడు కొత్త ప్లగ్గును వ్రేళ్ళతో బిగిసేవరకు త్రిప్పి, ఆపై పానాతో సుమారు సగం చుట్టు బిగించాలి. మరలకు నూనె గాని, గ్రీజు గాని పూయరాదు. జారుడు వల్ల, మనకు తెలియకుండానే బిగింపు మితిమీరుతుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే ప్లగ్గు విప్పాలి.

ఇంటిల్లిపాది క్షేమం కోసం

మిస్ కొట్టడాన్ని చిన్న చికాకుగా తీసివేయరాదు. మండని గ్యాసు పొగ గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరులో మండి దానిని పాడుచేస్తుంది. పాత మిక్సరు రకం కిట్లలో గాలి గొట్టం నిండా గ్యాసు మిశ్రమం నిలిచి ఉంటుంది. అక్కడ మంట వెనుకకు తంతే ఎయిర్ ఫిల్టరు డబ్బా పగిలిపోతుంది. బండిలో మన పిల్లలు కూర్చుని ఉంటారని మరువరాదు.

ప్రొపేను గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోక నేలబారున చేరి, పల్లంలో నిలుస్తుంది. సెల్లారులోనో, తనిఖీ గోతిమీదనో బండిని నిలిపి గ్యాసు పనులు చేయించరాదు. వంటగ్యాసు సిలిండరునుండి బండికి గ్యాసు ఎక్కించడం నేరం, అంతకు మించి ప్రాణాంతకం. వాహనాల ట్యాంకులో వ్యాకోచానికి చోటు వదిలి 80 శాతం వద్ద నింపుదలను ఆపే కవాటం ఉంటుంది. చాటుమాటుగా నింపే పనిలో ఆ రక్షణలేవీ ఉండవు. మన దేశంలో 2000 సంవత్సరపు మోటారు వాహనాల సవరణ చట్టం ఎల్.పి.జి.ని వాహన ఇంధనంగా అనుమతించింది. ఆమోదం పొందిన కిట్టునే అమర్చి, రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించాలి. లేని టర్బోను సొంతంగా తగిలించి ఇంజను స్వరూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను అడ్డు చెబుతుంది. భీమా పరిహారం కోరినప్పుడు కూడా ఈ పత్రమే ముందు అడుగుతారు.

సంగ్రహంగా చెప్పుకోవాలంటే, తయారీదారు చెప్పిన ప్లగ్గునుండి మొదలుపెట్టండి. తరువాత గ్యాసుకు మార్చిన టర్బో ఇంజను అయితే ఒక మెట్టు చల్లనిది అడగండి, అంకెను కాక మెట్టును సరిచూసుకోండి. సందును 0.6, 0.7 మి.మీ.ల మధ్య ఫీలర్ గేజితో కొలవండి. లోహాన్ని మీ వాడకాన్నిబట్టి, ఓపికనుబట్టి ఎంచుకోండి. మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి విప్పి దాని ముఖం చూడండి. ప్లగ్గు కొన్ని వందల రూపాయల వస్తువు. అది కాపాడేది లక్షల విలువైన ఇంజనును, ఆ ఇంజనును నమ్మి దూరప్రయాణానికి బయలుదేరిన కుటుంబాన్ని. ఈసారి బండిని సర్వీసింగుకు ఇచ్చినప్పుడు పాత ప్లగ్గులను పారవేయనీయక చేతిలోకి తీసుకుని చూడండి. ఇంజను లోపల ఏమి జరుగుతున్నదో అవే చెబుతాయి.